ఉగ్గుగిన్నె అంచు కింద సింహం

మేనకోడలి అన్నప్రాసన నాడు పొద్దున్నే నాయనమ్మ ఉగ్గుగిన్నెను నా చేతికిచ్చి, విభూతితో తోమమంది. పడవలాంటి వెండి గిన్నె. పిడి లేదు, ఒకవైపు ముక్కు సాగి ఉంటుంది. గోదావరి కాలువల మీద పనిచేసిన తెల్లదొర బంగళా సామాను వేలం వేసినప్పుడు ఆమె తండ్రి కొన్నాడట. పెళ్ళయి ఇటు బాన్సువాడ పొలానికి వచ్చేటప్పుడు ఆమె వెంట తెచ్చుకుంది. నాన్న, అక్క, నేను దాంతోనే ఉగ్గు తాగాం.

తోముతుంటే ముక్కు మొదట్లో బూడిదరంగు మచ్చ కనిపించింది. ఎంత రుద్దినా పోలేదు. ఉత్త వెండి పూతేనేమో, అది అరిగి లోపలి లోహం బయటపడిందేమోనని భయం పట్టుకుంది. పరమాన్నం పిల్ల నోట్లోకి జారేది ఆ ముక్కు మీది నుంచే.

ఫోన్‌లో వెతికాను. తెల్లవాళ్ళ ఇళ్ళలోనూ ఇది పసిపిల్లలకూ జబ్బుపడ్డవాళ్ళకూ జావ పట్టే గిన్నేనట. అంచు కింద ముద్రలుండాలి. లంగరు బొమ్మ ఉంటే వెండిని పరీక్షించిన ఊరు తెలుస్తుంది, ఒంటి అక్షరం సంవత్సరం చెబుతుంది, జంట అక్షరాలు చేసినవాడివి. నడిచే సింహం ఉంటేనే అసలు వెండి. విభూతి తోముడుకు అన్నీ అరిగిపోయాయి. లంగరు మాత్రం లీలగా ఉంది. పూత సామాను మీదా అలాంటి బొమ్మలు కొడతారని చదివి ఇంకా కంగారుపడ్డాను.

బావ వచ్చి నా వెనక నిలబడ్డాడు. "ఏంది బామ్మర్దీ, గిన్నెకు స్కానింగ్ చేస్తున్నవా? గాడ పిల్లకు ఆకలైతుంది."

అక్కను అడిగి పిల్ల కాటుక తెచ్చి ముద్రల మీద రాసి, పైపైన తుడిచాను. గుంటల్లో నలుపు నిలిచింది. ముందుకాలు ఎత్తిన సింహం తేలింది. ఊపిరి పీల్చుకున్నాను, కానీ ఒక్క క్షణమే. గిన్నె మొత్తం వెండి అయితే మరి ఆ మచ్చ ఏమిటి?

నాయనమ్మను అడిగాను.

"అది మాటు రా. మీ నాన్న పసివాడప్పుడు విసిరికొడితే ముక్కు చిట్లింది. మీ తాత బిచ్కుంద అంగట్లో వేయించుకొచ్చారు."

"దేంతో వేశారు?"

"సీసంతో. ఇంకేంతో వేస్తారు?"

సీసం విషమనీ, పసిపిల్లల మెదడుకు చేటనీ చెప్పాను. నాయనమ్మ తన వేలి ఉంగరం తీసి కడిగి అక్కకు ఇచ్చింది. అక్క దాన్ని పరమాన్నంలో ముంచి పిల్ల నాలుకకు తాకించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నాయనమ్మ ఖాళీ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి నన్ను దగ్గరికి పిలిచింది.

"మాటు వేయించాకే కదరా మీ అక్కకూ నీకూ పోసింది. మీకేం కాలేదుగా?"

ఏమీ కాలేదన్నాను. మేమెప్పుడూ రక్తపరీక్ష చేయించుకోలేదు.