ముఖ్యమైన కాగితాల్లో తూటా గొట్టం

ఈ మధ్యాహ్నం నా భార్య పద్మను హైదరాబాద్ విమానం ఎక్కించాల్సి ఉండింది. బయలుదేరే ముందు పాస్‌పోర్టు కోసం ఆమె ఫైలు తెరిస్తే చిన్న కవరు కనిపించింది. లోపల కాల్చేసిన తూటా తాలూకు ఇత్తడి గొట్టం ఉంది.

అమెరికాలో మేముండే కమ్మింగ్ ఊళ్లో రెండిళ్లలో బంగారం పోయాక, పోయిన నెల పిస్టల్ కొన్నాను. ఫ్యాక్టరీలో ఒకసారి కాల్చి, ఆ గొట్టాన్ని డబ్బాలో పెట్టి పంపారు. ఒకప్పుడు కొన్ని రాష్ట్రాల్లో షాపువాడు దాన్ని, దానిమీద పడిన తుపాకీ గుర్తుల రికార్డు కోసం పోలీసులకు పంపాలని చట్టం ఉండేది. ఇక్కడ ఎవరూ అడగరు కాబట్టి నాకే ఇచ్చాడు.

"ఇది ఇందులోకి ఎలా వచ్చింది?" అన్నాను.

"కవరు మీద నంబర్, డేట్, సంతకం ఉన్నాయి కదండీ! ఇంపార్టెంట్ అనుకుని పాస్‌పోర్ట్‌తో పెట్టాను."

"శంషాబాద్‌లో స్కాన్ చేస్తే తూటా అని నిన్ను స్టేషన్‌లో కూర్చోబెడతారు."

పద్మ మొహం పాలిపోయింది. "గన్ కొనేటప్పుడు నన్ను అడగలేదు. ఇప్పుడు అరెస్టయ్యేది మాత్రం నేనా?"

రెండు సూట్‌కేసులూ నేలమీద బోర్లించి ప్రతి జేబూ తడిమాం. ఇంకేమీ దొరకలేదు. పద్మ చివరి నిమిషంలో విమానం ఎక్కింది, నాతో మాట్లాడకుండానే.

దొంగల భయంతో కొన్నది ముందు మా ఆవిడనే పట్టించేది. ఆ గొట్టం ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది. దాచాలన్నా భయమే, చెత్తలో వేయాలన్నా భయమే. తుపాకీ కొన్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, మీరేం చేశారు?