దిద్దినకొద్దీ తిరిగొచ్చిన గోదాము పేరు

1988, వానాకాలం మొదలు. హన్మకొండలో, రైతులకు విత్తనాలు ఇచ్చే ఒక సంస్థ జిల్లా ఆఫీసు. నేను అప్పట్లో కంప్యూటర్లు బాగుచేసే సర్వీస్ ఇంజనీరుని. ఆ ఆఫీసు మొత్తానికి ఏసీ ఉన్నది కంప్యూటర్ గదికొక్కదానికే. మేమంతా చెప్పులు విడిచి అందులోకి పని మీద వెళ్తే, మేనేజరుగారు భోజనం చేసి కునుకు తీయడానికి వెళ్లేవారు.

హెడ్డాఫీసు నాకు అప్పజెప్పిన పని వింతగా ఉంది. "ఆపరేటరు ఫైళ్లు పాడుచేస్తోంది, ఆధారం పట్టుకోండి" అన్నారు. నేను నేర్చుకున్నది మరమ్మతు, పోలీసు పని కాదు. అప్పుడే ఒళ్లు మండింది.

అక్కడి ఏర్పాటు ముందు చెప్పాలి. కంప్యూటరు అచ్చువేసే చిట్టీ మీద ఏ గోదాము పేరుంటే, రైతుకు విత్తనాలు అక్కడే ఇచ్చేవారు. జిల్లాలన్నిటికీ కలిపి టెంప్లేట్ అని ఒకే నమూనా ఫైలు ఉండేది. జిల్లా పేరు, ప్రింటరు, గోదాము రావలసిన చోట్ల ఖాళీలు. ప్రతి సోమవారం పొద్దున అది టెలిఫోన్ లైను మీద హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి మా యంత్రంలోకి దిగేది. ఒక ప్రోగ్రాము ఆ ఖాళీలు నింపి కాన్ఫిగరేషన్ ఫైలు, అంటే యంత్రం ఎలా నడవాలో చెప్పే ఫైలు, కొత్తగా తయారుచేసేది. పాత ఫైలు చెరిగిపోయేది. మనిషి చెయ్యి పడకూడదని వాళ్ల గొప్ప.

ఆపరేటరు పేరు స్వరూప. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ ప్యాసింజరులో వచ్చేది. ఇంట్లో ఆమె ఒక్కతిదే సంపాదన. టెంపరరీ ఉద్యోగం, పర్మనెంటు ఆర్డరు నేడో రేపో అన్నట్టుంది.

"ఫైలు మార్చింది మీరేనా?" అని అడిగాను.

"నేనే సార్. సోమారం సోమారం మారుస్తాన్న. చిట్టీల మీద మన గోదాముకు బదులు హైదరాబాద్ గోదాం పడతాంది. ఫోన్లు జేసి జేసి యాష్టకొచ్చింది. ఎవ్వలు పట్టించుకుంటలేరు."

సోమవారం నేనే యంత్రం ముందు కూర్చుని ఫైలు ముట్టనివ్వలేదు. మరిపెడ రైతు ఒకాయన మొదటి చిట్టీ తీసుకుని ఆఫీసు వెనకే ఉన్న గోదాముకు వెళ్లి, వెళ్లినంత వేగంగా తిరిగొచ్చాడు.

"ఏందమ్మా గిది? గోదాముల ఇయ్యనంటాండు. హైదరాబాద్ పొమ్మంటాండు. వాన పడ్డది, దున్ని పెట్టుకున్న. ఇత్తనాలకు పట్నం పోవాల్నా?"

స్వరూప నావైపు చూసింది. మార్చమన్నాను. నిమిషంలో సరైన చిట్టీ వచ్చింది.

ఫైలును వదిలి, దాన్ని తయారుచేసే ప్రోగ్రామును చదివాను. ఆ సీజనుకు టెంప్లేటులో గోదాము కోసం కొత్తగా ఒక ఖాళీ పెట్టారు. అందులో నింపాల్సిన మా వరంగల్ జిల్లా గోదాము పేరును మాత్రం ఇవ్వడం మరిచారు. ఆ పేర్లు హెడ్డాఫీసు తప్ప ఇంకెవరూ మార్చలేరు. పేరు దొరకనప్పుడు ప్రోగ్రాము ఆగి, లేదని చెప్పాలి. చెప్పకుండా డిఫాల్టు, అంటే ఏమీ ఇవ్వకపోతే దానంతట అదే వేసుకునే విలువ, హైదరాబాద్ గోదాము వేసి ఊరుకుంది. తెలియదని ఒప్పుకోలేని మనుషులే దాన్ని రాసి ఉంటారు.

హెడ్డాఫీసు అధికారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను.

"టెంప్లేటు సంగతి మేం చూసుకుంటాం. ఆమె ఫైలు మార్చిందా, లేదా?" అన్నారాయన.

"మార్చింది సార్, కానీ మార్చకపోతే..."

"మార్చింది కదా. నాకది చాలు."

రిపోర్టులో తప్పు ఎక్కడిదో మొదటి వాక్యంలోనే రాశాను. మరుసటి సోమవారం ఎవరూ దిద్దకుండానే చిట్టీల మీద మా గోదాము పేరు బంగారంలా పడింది. ఆ వారంలోనే స్వరూపను తీసేస్తూ ఆర్డరు వచ్చింది. అనుమతి లేకుండా ఫైలు మార్చినందుకట. టెంప్లేటు గురించి అందులో ఒక్క ముక్క లేదు.

"మీరు రాసిండ్రు గద సార్?" అంది.

"రాశానమ్మా."

"ఆళ్లు సదువలేదా?"

"చదివారు."

హైదరాబాద్ వెళ్లి ఆ అధికారిని కలిశాను. "రూలు రూలే కదండీ" అంటూ టీ తెప్పించారు. తాగకుండా లేచి వచ్చాను. నా చేతనైన నిరసన అంతే, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఒకే ఫైలును ఎవరైనా పదే పదే చేత్తో దిద్దుతుంటే, ఆ మనిషిని కాదు, ఆ ఫైలు ఎక్కడ పుడుతోందో అక్కడ పట్టుకోవాలని నేను నేర్చుకున్నాను. ఆఫీసు నేర్చుకున్నది వేరు. మరుసటి వానాకాలం మళ్లీ పిలిస్తే వెళ్లాను. టెంప్లేటులో ఈసారి విత్తనం పేరుకు కొత్త ఖాళీ. పత్తి అడిగిన ప్రతివాళ్లకూ మొక్కజొన్న చిట్టీలు వస్తున్నాయి. కేసముద్రం రైతులు అవి చేతుల్లో పట్టుకుని వరండా నిండా కూర్చున్నారు.

కొత్త ఆపరేటరు నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"నేనేం ముట్టుకోలె సార్. పొద్దటిసంది గట్లనే వస్తానయ్."

"హెడ్డాఫీసుకు చెప్పారా?"

"నాకెందుకు సార్ గా లొల్లి?"

అతను అప్పటికే పర్మనెంటు.