నాన్న పెళ్లి సూటు

డెబ్బయ్యో దశకం చివర్లో మేము భిలాయిలో, నాన్న పనిచేసే ఉక్కు కర్మాగారం వాళ్ల సెక్టర్ 2 కాలనీలో ఉండేవాళ్లం. అమ్మ పొద్దున్నే పార్కుకి వెళ్లి యోగా నేర్చుకునేది. నేర్పే దీదీ ఆసనాలయ్యాక యోగశాస్త్రం నుంచి ఒక మాట విడమరిచి చెప్పేవారు. ఒకరోజు అమ్మ 'అపరిగ్రహం' నేర్చుకుని వచ్చింది. అవసరానికి మించి దాచుకోకపోవడం అట. ఆ ఆదివారమే ట్రంకుపెట్టె తెరిచింది.

అడుగున నాన్న పెళ్లి సూటు. ముదురు నీలం. ఏటా చలికాలంలో ఎండబెట్టి, కలరా ఉండలు మార్చి మళ్లీ పెట్టేయడమే తప్ప, ఆయన దాన్ని తొడుక్కోగా నేనెప్పుడూ చూడలేదు.

"మీ ఫ్యాక్టరీ షాపులో ఎల్డింగు సేసే కుర్రోడికి పెళ్లన్నారు కదా, ఇది ఇచ్చీమంటారేటి?" అంది అమ్మ.

"నా పెళ్లి సూటే అది! నానేసుకుంతాను."

"అయితే ఇప్పుడే ఏసుకోండి, సూస్తాం."

నాన్న పౌరుషంగా తొడిగారు. ఊపిరి బిగబట్టి బొత్తాం పెట్టుకుని, "సూసేవా?" అన్నారు. ఆ మాటతో పాటే ఊపిరీ వదిలారు. బొత్తాం టప్పున ఎగిరి మంచం కిందికి దొర్లింది. తమ్ముడూ నేనూ పడీపడీ నవ్వాం. కాసేపు మూతి ముడుచుకున్న నాన్న కూడా చివరికి నవ్వేశారు.

"బొత్తాం కుట్టి మరీ ఇయ్యి. ఊడిపోయింది ఇస్తే బావోదు" అన్నారు అమ్మతో.

పెళ్లి క్యాంప్ 1 బస్తీలో. రిక్షాలో వెళ్తూ నాన్న, సూటుకి పసుపు మరక పడుతుందేమోనని గొణిగారు. ఆ ఇరుకు సందులోకి పెళ్లికొడుకు సూటులో వచ్చాడు. వాడి కొలతలకే కుట్టినట్టుంది. వాళ్లమ్మ కోటు చేతిని ఒకసారి నిమిరి, కొంగుతో కళ్లొత్తుకుంది. వాడు వంగి నాన్న కాళ్లకు దణ్ణం పెట్టాడు.

"ఎలాగుంది బాబూ?" అనడిగాడు.

"నాకన్నా నీకే బాగుందిరా!" అన్నారు నాన్న. ఆ గొంతులో బెంగ లేదు.

బ్యాండు మొదలైంది. ఏనాడూ కూనిరాగమైనా తియ్యని మా నాన్న, జేబురుమాలు గాల్లో తిప్పుతూ ఊరేగింపు ముందుకు దూకారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది.

సూటు ఆ ఇంట్లోనూ ఆగలేదు. అదే సందులో ఇంకో ఇద్దరు పెళ్లికొడుకులు తొడుక్కున్నారు, తర్వాత చరోదా రైల్వే కాలనీకి వెళ్లింది. ప్రతి పెళ్లికీ నాన్నకు పిలుపొచ్చింది. ప్రతి పెళ్లిలోనూ ఆయన గంతులేశారు.