ఆరో మెట్టు మీద ముగ్గు గీత

మాదాపూర్‌లో నేనున్న లేడీస్ హాస్టల్లో కొత్తగా చేరిన అమ్మాయికి మేం మొదటి రోజే రెండు సంగతులు చెప్పేవాళ్లం. ఒకటి వైఫై పాస్‌వర్డ్. రెండోది, రెండో అంతస్తు నుంచి దిగేటప్పుడు ఆరో మెట్టు మీద కాలు పెట్టకూడదని. ఐదో మెట్టు నుంచి నేరుగా ఏడో మెట్టు మీదికి అడుగెయ్యాలి, చెయ్యి గోడకి ఆనించుకోవాలి. రెండో పక్క రెయిలింగ్ లేదు. పై అంతస్తుకి మంచాలు ఎక్కించేటప్పుడు అడ్డమొచ్చిందని కోసేశారు. మంచాలు ఎక్కాయి గానీ రెయిలింగ్ తిరిగి రాలేదు. ఆరో మెట్టు అంచున గ్రానైట్ పలక విరిగిపోయి కింద ఇటుక కనిపించేది. లిఫ్ట్ ఉండేది. పొద్దున్నే అందరూ ఆఫీసులకి పరిగెత్తే వేళ దానికోసం నిలబడితే బస్సు వెళ్లిపోయేది.

నా ఉద్యోగమేమో తప్పులు పట్టడం. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తెర మీద ఒక బటన్ వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఫొటో తీసి, ఏమేం నొక్కితే ఆ తప్పు బయటపడుతుందో వరుసగా రాసి, అది బాగయ్యేదాకా ఎవరినీ నిద్రపోనివ్వను. ఆఫీసులో నేను ఎదురొస్తే కొందరు పక్క దారి పడతారు. అంతటిదాన్ని, రెండేళ్లు ఆ మెట్టు దాటుకుంటూ తిరిగాను తప్ప ఓనర్‌కి ఒక్క మెసేజ్ పెట్టలేదు. పైగా కొత్తవాళ్లకి ఎలా దాటాలో నేర్పాను.

ఆ మెట్టు గురించి ఏదైనా చేసింది ఒకే ఒక్క మనిషి. హాస్టల్ ఊడ్చి తుడిచి, బాత్రూంలు కడిగే అక్క. పాలమూరు వైపు నుంచి వచ్చిన మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. రోజూ మెట్లన్నీ తడిబట్టతో తుడిచి, ఆరాక, ఆరో మెట్టు అంచున ముగ్గుపిండితో తెల్లటి గీత గీసేది. నిద్రమొహాలతో దిగే మాకు కనిపించాలని. పక్కన రెండు పూలు కూడా వెయ్యి అక్కా అని మేం ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేది.

ఆ రోజు ఉదయం భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, చెవిలో ఇయర్‌ఫోన్, అందులో మా టీం మీటింగ్. కింది నుంచి ఒకమ్మాయి సూట్‌కేసుతో ఎక్కుతోంది. దారి ఇద్దామని పక్కకి జరిగాను, మెట్ల లెక్క తప్పింది. గీత కోసం చూశాను. గీత లేదు.

పడటం నాకు గుర్తులేదు. కింద కూర్చుని ఉండటం గుర్తుంది. నా కుడి పాదం ఎదురుగా చూడకుండా పక్కకి చూస్తోంది. అది నాదేనా అని కాసేపు దానివంక చూశాను. నొప్పి ఇంకా రాలేదు. ఇయర్‌ఫోన్‌లో మా మేనేజర్ నా పేరు పిలిచి, నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు అని అడుగుతున్నాడు.

అక్క చేతిలో చీపురు పడేసి పరిగెత్తుకొచ్చింది. నా తల ఒళ్లో పెట్టుకుని, కదలొద్దని పదేపదే చెప్పింది. మధ్యలో తనలో తాను అనుకుంటున్నట్టు ఒక మాట అంది. "పొద్దుగాల గీత గియ్యనియ్యలే ఓనర్ సారు. రూములు చూడనీకి తల్లిదండ్రులు వస్తరంట, మెట్టు ఇరిగింది వాళ్లకు కనబడొద్దంట." నేను విన్నాను. విని, అప్పుడే వచ్చిన నొప్పిలో మర్చిపోయాను.

నా రూమ్మేట్ నన్ను క్యాబ్‌లో ఆస్పత్రికి తీసుకెళ్లింది. దారి పొడవునా నాకు పాఠం చెప్పింది. ఎలా పడ్డావని అడిగితే బాత్రూంలో జారిపడ్డానని చెప్పు, విరిగిన మెట్టు అన్నావంటే పోలీసు కేసు కింద రాస్తారు, ఇన్సూరెన్స్ వాళ్లు సవాలక్ష కాగితాలు అడుగుతారు, ఆపరేషన్ రేపటికి పోతుంది అని. ఆమె తప్పేం లేదు. మా ఆఫీసుల్లో ఇది అందరికీ తెలిసిన విద్యే. గత ఏడాది బండి మీంచి పడ్డ టీం కుర్రాడికి ఇదే సలహా ఇచ్చింది నేను.

డ్యూటీ డాక్టర్ అడిగారు. "బాత్రూంలో జారానండి" అన్నాను. రాసుకున్నారు. కాసేపటికి ఒక కాగితం తెచ్చి, చదివి సంతకం పెట్టమన్నారు. చదివే పెట్టాను.

చీలమండకి ప్లేటు, స్క్రూలు వేశారు. ఆస్పత్రిలో నాలుగు రోజులున్నాను. హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పరామర్శలు వచ్చిపడుతుంటే, మందుల మత్తులో అన్నిటికీ రెండు చేతులు జోడించిన బొమ్మ పెడుతూ పోయాను. మెట్లు ఎక్కలేను, హాస్టల్లో చూసుకునేవాళ్లు లేరు కాబట్టి అక్కణ్ణుంచి గచ్చిబౌలిలో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే పిన్ని ఇంటికి చేరాను. ఆరు నెలలు పరుగు మాట మర్చిపోవాలనీ, నడకలో కాస్త తేడా ఉండిపోవచ్చనీ డాక్టర్ చెప్పారు. నాకు ముప్పై కూడా నిండలేదు.

నా సామాను తేవడానికి హాస్టల్‌కి వెళ్లిన రూమ్మేట్ ఒక ఫొటో పంపింది. ఆరో మెట్టుకి కొత్త గ్రానైట్. పక్కన తళతళలాడే స్టీలు రెయిలింగ్. రెండేళ్లు లేని తీరిక, నా కాలు విరిగిన వారంలో వచ్చింది. ఒళ్లు మండిపోయింది. ఈ ఓనర్‌ని ఊరికే వదలకూడదని అప్పుడే అనుకున్నాను. విరిగిన మెట్టుకి ఫొటో లేదని ఆ తర్వాత తట్టింది. రోజూ వందల తప్పులకి ఫొటోలు తీసేదాన్ని, దానికి ఒక్కటి తియ్యలేదు.

పిన్నికి తెలిసిన లాయరమ్మ ఆఫీసు కొండాపూర్‌లో ఒక కర్రీ పాయింట్ పైన. ఎక్కలేనని ఫోన్ చేస్తే ఆవిడే దిగొచ్చి, కర్రీ పాయింట్ ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. వంకాయ కూర వాసనలో నాకు చట్టం చెప్పారు. కిరాయి కట్టి ఉన్నావు కాబట్టి సేవలో లోపమని వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, రెండేళ్ల లోపు వెయ్యాలి. నిర్లక్ష్యం వల్ల గాయపడ్డానని పోలీసులకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. సివిల్ కోర్టులో నష్టపరిహారానికి దావా వెయ్యొచ్చు, అది నత్తనడక. ముందైతే అతనికి ఒక నోటీసు పంపుదాం. ఏ దారిన పోయినా అడిగేది ఒకటే, మెట్టు పాడైందని అతనికి తెలుసా, తెలిసీ వదిలేశాడా అని.

అప్పుడు నాకు ముగ్గు గీత గుర్తొచ్చింది. ఒళ్లో తల పెట్టుకుని అక్క అన్న మాట కూడా గుర్తొచ్చింది. చెప్పగానే లాయరమ్మ కుర్చీ ముందుకి జరుపుకున్నారు. గీత గియ్యొద్దన్నాడంటే తెలిసినట్టే కదా, ఆమె ఆ ముక్క చెబితే చాలు అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆస్పత్రి కాగితాలు చూపించమన్నారు. ఇచ్చాను.

మొదటి పేజీలోనే ఆగిపోయారు. కాగితం నా వైపు తిప్పి, ఒక వాక్యం కింద వేలు పెట్టారు. బాత్రూంలో జారిపడినట్టు పేషెంట్ స్వయంగా చెప్పారని ఉంది, కింద నా సంతకం.

"ఇది ఎవరు రాయించారమ్మా?" అని అడిగారు.

పోలీసు కేసంటే ఆపరేషన్ ఆగిపోతుందని నేనే అలా చెప్పానన్నాను. పోలీసులకి కబురు వెళ్లినంత మాత్రాన ఏ ఆస్పత్రీ వైద్యం ఆపకూడదని ఆవిడ అప్పుడు చెప్పారు. చేతులు కాలాక ఆకులు. అయినా దారి మూసుకుపోలేదన్నారు. అబద్ధం ఎందుకు చెప్పావో నువ్వే ప్రమాణం చేసి రాసివ్వాలి, దానికి తోడు కళ్లారా చూసిన మనిషి కావాలి. రాసిచ్చాక ఇన్సూరెన్స్ వాళ్లు నిన్ను అడుగుతారు, మీ ఆఫీసూ అడుగుతుంది, బాగా ఆలోచించుకో అన్నారు.

ముందు అక్కని కలుద్దామని మర్నాడు ఆటోలో హాస్టల్‌కి వెళ్లాను. మెట్ల దగ్గర ఇంకెవరో తుడుస్తున్నారు. ఓనర్ కౌంటర్ దగ్గరే ఉన్నాడు. నా చేతికర్ర చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ వేశాడు, నీళ్లు ఇప్పించాడు. అక్క ఏదని అడిగాను.

"ఆమెను తీసేసినం మేడం. మీరు బాత్రూంల జారిపడితిరి, సాఫ్ జేసేది ఆమెనే గద. మీ గురించే తీసేసినం. గ్రూపుల గూడ పెట్టిన. మీరు దండం పెట్టిన్రు."

అతని ముఖంలో వెటకారం లేదు. నాకేదో మేలు చేసినట్టే చెప్పాడు. బాత్రూం మాట మీకెవరు చెప్పారంటే, నా రూమ్మేటే ఆ సాయంత్రం ఫోన్ చేసి, భయపడకండి, మెట్ల సంగతి ఆస్పత్రిలో చెప్పలేదు, బాత్రూం అనే రాయించామని ధైర్యం చెప్పిందన్నాడు. నేను ఫోన్ తీసి గ్రూపులో వెనక్కి జరుపుకుంటూ పోయాను. దొరికింది. బాత్రూం శుభ్రంగా లేకపోవడం వల్ల మన హాస్టల్లో జరిగిన ప్రమాదానికి చింతిస్తున్నాం, బాధ్యురాలైన పనిమనిషిని తొలగించాం. కింద రెండు జోడించిన చేతులు. నావే.

ఎన్నిసార్లు చదివినా అవి నావే. నేను బాత్రూం అన్నప్పుడు నాకు బాత్రూమే కనిపించింది, దాన్ని రోజూ కడిగే మనిషి కనిపించలేదు. రోజూ కనిపించే మనిషి ఆ ఒక్క పూట ఎలా కనిపించలేదో ఇప్పటికీ అర్థం కాదు. మెట్టు విరిగినా వదిలేసినవాడు నాకు నీళ్లు ఇప్పించాడు. మెట్టు మీద గీత గీసినామె పని పోగొట్టుకుంది. పోగొట్టింది నేను.

కొత్తగా చేరినామె చాటుగా చెప్పింది, రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర టిఫిన్ బండి వెనక వెతకమని. వెళ్లేసరికి అక్క గిన్నెలు తోముతోంది. నన్ను చూడగానే లేచి, బోర్లించి ఉన్న బకెట్ దగ్గరికి లాగి కూర్చోబెట్టింది. ముందు నా కాలు చూసింది, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని కట్టు మీద మెల్లగా ఆనించింది. నాకు ఏడుపు ఆగలేదు. చెప్పాల్సిందంతా ఏడుస్తూనే చెప్పాను. ఆస్పత్రిలో అబద్ధమాడానని, అది ఇంతదూరం వస్తుందనుకోలేదని, ఆ దండం చదవకుండా పెట్టానని.

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఇంకో నాలుగు హాస్టళ్లలో పని అడిగిందట. ఓనర్లందరికీ ఒక గ్రూపు ఉంటుందట, కాలు విరగ్గొట్టింది నువ్వేనా అని అడిగి పంపేశారట. ఇక్కడ కూడా బండి ఆయనకి తెలుస్తుందేమోనని రోజూ భయమేనంది.

లాయరమ్మ చెప్పిందంతా చెప్పాను. గీత గియ్యొద్దన్న మాట నువ్వు వచ్చి చెప్పాలని అడిగాను. అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగాను.

"చెప్త. కండ్లార చూసిన ముచ్చట చెప్పనీకి నాకేం ఫికర్?" అంది. తోమిన గిన్నె బోర్లించి, మళ్లీ అంది. "మరి నువ్వు చెప్తవా చెల్లె, బాత్రూం సాఫుగుండె అని?"

నేను నష్టపరిహారం గురించి, నోటీసు గురించి, సాక్ష్యం గురించి మాట్లాడుతున్నాను. ఆమె అడిగింది అదొక్కటే. బ్లీచింగ్ వేసి, కొబ్బరి చీపురుతో రోజుకి రెండుసార్లు కడిగిన బాత్రూం బాగుందని ఎవరైనా ఒకరు చెప్పాలి.

చెప్తానన్నాను. ఆ సాయంత్రమే ఆఫీసుకి, ఇన్సూరెన్స్ వాళ్లకి నిజం రాసి పంపాను. జవాబు ఇంకా రాలేదు. కమిషన్‌లో కేసు వేశాం, ఇంకా నడుస్తోంది. నా ప్రమాణపత్రం లాయరమ్మ మెట్టుతో మొదలుపెట్టి రాశారు. మొదటి వాక్యంగా ఇంకోటి చేర్చమన్నాను. ఆ రోజు బాత్రూం శుభ్రంగా ఉంది, నేను పడింది అక్కడ కాదు అని. కేసుకి మొదటి ముక్కతో పనిలేదన్నారు ఆవిడ. ఉండనివ్వండి అన్నాను.

అదే వాక్యం, దాని కింద అక్క చేసిన పని, ఓనర్ ఆపిన పని, నేనాడిన అబద్ధం రాసి హాస్టల్ గ్రూపులో పెట్టాను. నన్నింకా అందులోంచి తియ్యలేదు. ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. నిమిషం తిరక్కుండానే కింద ఎవరో రెండు చేతులు జోడించారు. చదివి పెట్టారో, చదవకుండా పెట్టారో నాకు తెలియదు.