అత్తగారికి ఊదా రంగు

మా పక్కింటి నిచ్చెన బాబాయ్ రోజూ పొద్దున్నే కోళ్లగూడు తెరిచే ముందు వేళ్ల మెటికలతో తలుపు మీద మెల్లగా తట్టేవాడు. తట్టి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు గడియ తీసేవాడు.

"కోళ్లేమన్నా లోపలికి రమ్మంటాయా?" అని పిన్ని వెటకారం చేసేది.

"బతుకంతా పరాయిళ్లకి రంగులేసినవాణ్ణి. ఎవరి గుమ్మమైనా తట్టకుండా తెరిస్తే నా చెయ్యి ఒప్పుకోదు" అనేవాడు.

ఆయన పని ఇళ్లకు రంగులు వెయ్యడం. పొడుగాటి నిచ్చెన భుజాన వేసుకుని సందులోకి తిరిగితే ముందు నిచ్చెన కనబడేది, మనిషి కనబడటానికి కాసేపు పట్టేది. అందుకే ఆ పేరు. ఎవరింట్లోనైనా పని అయ్యాక రంగు మిగిలితే, ఇంటివాళ్లని అడిగి పట్టుకొచ్చి, పెచ్చులూడిన గుమ్మం ఎవరిదైనా కనబడితే దానికో పూత వేసి పోయేవాడు. మా గుమ్మం అలా వచ్చిన పచ్చరంగుదే. డబ్బులిస్తానంటే, "నాది కాని రంగుకి నేను డబ్బులెలా తీసుకుంటానమ్మా" అన్నాడు.

కోళ్లు మాత్రం పిన్నివి. వాటిలో ఒక నల్లపెట్ట ఉండేది. గింజలు చల్లితే ముందు అది తినాలి, అది ముక్కు తుడుచుకున్నాక మిగతావి రావాలి. దానికి పిన్నే అత్తగారని పేరు పెట్టింది. మిగతావన్నీ కోడళ్లు.

ఆ ఏడు వాళ్లమ్మాయికి కాన్పు రోజులొచ్చాయి. అమ్మాయి ఉండే ఊరు దూరం. పిన్ని సంచి సర్దుకుంటుంటే బాబాయ్ కూడా తన చొక్కాలు తెచ్చి మంచం మీద పెట్టాడు. పిన్ని వాటిని తీసి మళ్లీ దండెం మీద వేసేసింది.

"నువ్వెందుకయ్యా? నీకు గోడల్ని చూసుకోవడం వచ్చు, ప్రాణమున్నవాటిని చూసుకోవడం రాదు. ఆ గరుకు చేతులతో పచ్చి బాలింతకేం చేస్తావు, చంటిదానికేం చేస్తావు? ఇక్కడే ఉండు. నేనొచ్చేసరికి నా కోళ్లు నాకుంటే చాలు."

బాబాయ్ ఆ సంచి తనే భుజాన వేసుకున్నాడు. ఆమెను బస్సెక్కించి వచ్చి, మా అరుగు మీద కూర్చుని, "చూడమ్మా, కోళ్లకైనా పనికొస్తానో లేదో" అని నవ్వాడు. నవ్వాడు గానీ పిన్ని అన్న మాట ఆయనకి ముల్లులా దిగింది.

పిన్ని వెళ్లిన వారంలోనే, పొద్దుగూకే వేళ, బాబాయ్ పెరట్లో కుళాయి దగ్గర బ్రష్షులు కడుక్కుంటుంటే గూటి దగ్గర గోలగోలయింది. బావురుపిల్లి! చేతిలో ఉన్న బ్రష్షు విసిరేశాడు. అది మూతికి తగలడంతో పిల్లి నోట్లో ఉన్నది వదిలేసి గోడ దూకి పారిపోయింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి పెరడంతా నల్లటి ఈకలు. అత్తగారు నీళ్ల తొట్టి వెనక నక్కి ఉంది. రెక్క కింద నుంచి వీపు దాకా తోలు చీరుకుపోయి, లోపల కండ కనబడుతోంది.

గోడ అవతల నుంచి చూసినవాళ్లందరిదీ ఒకటే మాట. "ఇక అది బతకదు. ప్రాణముండగానే కోసేస్తే కూరకైనా పనికొస్తుంది."

బాబాయ్ ఎదురింటి వైపు తిరిగి కేకేశాడు. ఎదురింటతను బజార్లో కోళ్లకొట్టు నడుపుతాడు. పొద్దుట్నుంచి మాపటిదాకా కొయ్యడమే పని. సంగతి అప్పటికే చెవిన పడ్డట్టుంది, కత్తి తుడుచుకుంటూ వచ్చాడు.

"కత్తి ఇంట్లో పెట్టి రా అల్లుడూ. నీ చేతులు చాలు" అన్నాడు బాబాయ్.

అతను చేతిలో కత్తి వైపు ఓసారి చూసుకున్నాడు. తర్వాత వెళ్లి, కత్తి పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని మరీ వచ్చాడు. కోడి రెక్కలు రెండూ ఒంటికి ఆనించి ఒడిలో పెట్టుకుని, తల మీద గుడ్డ కప్పాడు. అంతవరకూ కొట్టుకుంటున్నది చంటిపిల్లలా ఊరుకుంది. బాబాయ్ గోరువెచ్చని ఉప్పునీళ్లతో గాయం కడిగాడు. చుట్టూ ఈకలు కత్తిరించాడు. ఇంట్లో ఉన్న ఎర్రమందు పూశాడు.

"మావయ్యా, నా చేతిలో ఓ కోడి ఇంతసేపు బతికుండటం ఇదే మొదలు" అన్నాడు కొట్టతను. నవ్వులాటకి అన్నా, కోడిని బుట్టలో దింపేటప్పుడు గుడ్డుని దింపినట్టు దింపాడు. దేవుడు ఎవరి చేతుల్లో ఏం దాచి ఉంచుతాడో మనకి తెలియదు.

అత్తగారిని బుట్టలోనే ఉంచి, బుట్టని తన మంచం పక్కన పెట్టుకున్నాడు బాబాయ్. గింజ ముట్టదు, నీళ్లు ముట్టదు. చెంచాతో పోస్తే మూతి తిప్పేసుకుంది. ఆయన ఆలోచించి, కిటికీ అంచులకు వాడే సన్నని బ్రష్షు కొత్తది తీసి, నీళ్లలో ముంచి, ముక్కు అంచున ఆనించాడు. చుక్క జారింది. మింగింది. ఇంకో చుక్క. పనికి పోబోయే ముందు, వచ్చాక, అన్నానికి కూర్చునే ముందు, అదే పని. నిచ్చెన మీద నిలబడి గోడ అంచు గీసే మనిషి, నేల మీద బోర్లా పడుకుని కోడి ముక్కుకి నీళ్లు పూస్తుంటే చూసి నాకు కళ్లు చెమర్చాయి.

మెల్లగా లేచి నిలబడింది. నూకలు తింది. కిటికీలోంచి కోడళ్ల అరుపు వినబడితే మెడ చాచడం మొదలుపెట్టింది. "ఒంటరిగా ఉండలేకపోతోంది పాపం" అని బాబాయ్ దాన్ని తీసుకెళ్లి గుంపులో వదిలాడు.

అక్కడే పొరపాటు జరిగింది. అత్తకో కాలం, కోడలికో కాలం అంటారు కదా! అన్నీ ఒక్కసారిగా మీదపడి, గాయం మీదే పొడిచాయి. బాబాయ్ అడ్డుపడి ఎత్తుకునేసరికి మానుతున్నది మళ్లీ చీరుకుపోయింది.

దాన్ని బుట్టలో పెట్టి వచ్చి గూటి ముందు గొంతుక్కూర్చున్నాడు. "మీ పిన్ని అన్నదే నిజమమ్మా. నాకు ప్రాణమున్నవి తెలియవు" అన్నాడు. అంతలో ఒక కోడలు వచ్చి ఆయన మోకాలి మీద టక్కున పొడిచింది. అక్కడ ఎవరి గేటుకో వేసిన ఎర్రరంగు మరక ఎండి ఉంది. కాలు పక్కకి జరిపాడు. మళ్లీ వచ్చి ఆ మరకనే పొడిచింది. పక్కనే తెల్లమరక ఉంటే దాని జోలికి పోలేదు.

బాబాయ్ లేచి నిలబడ్డాడు. "ఎరుపు! అవి పొడిచేది దాన్ని కాదు, ఎరుపుని. నెత్తురున్న చోటల్లా నెత్తురు రంగే పూశానమ్మా నేను! ఊరందరికీ ఏ గోడకి ఏ రంగు నప్పుతుందో చెప్పేవాణ్ణి, దీని వీపుకి ఏది నప్పదో చూసుకోలేదు."

అలాగే చెప్పుల్లేకుండా మందుల షాపుకి పోయి, ఎరుపు కాని మందు కావాలన్నాడు. "రంగు చూసి మందు కొనేవాణ్ణి నిన్నే చూశా" అని షాపతను నవ్వి, పుళ్లకు పూసే ఊదా రంగు మందు ఇచ్చాడు. ఈసారి తొందరపడలేదు బాబాయ్. ఇసుక జల్లించే ఇనుపవలతో పెరట్లో ఒక మూల అడ్డం కట్టి, అత్తగారిని ఇటు, కోడళ్లని అటు ఉంచాడు. చూసుకుంటాయి, పొడుచుకోలేవు. మందు పూసేటప్పుడల్లా పట్టుకోవడానికి కొట్టతను వస్తూనే ఉన్నాడు, ఎవరూ పిలవకపోయినా.

వల తీసిన పొద్దు సందంతా గోడెక్కి చూసింది. సగం ఈకలతో, ఊదా వీపుతో అత్తగారు నింపాదిగా నడిచి గింజల పళ్లెం దగ్గరికి వచ్చింది. ఒక ఎర్రకోడలు మెడ ఎత్తింది. అత్తగారు దాని నెత్తిన ఒక్కటిచ్చింది. పళ్లెం చుట్టూ ఖాళీ అయిపోయింది. అది తిన్నాకే మిగతావి తిన్నాయి.

"పెత్తనం తిరిగొచ్చిందిరోయ్!" అని ఎవరో అరిచారు. బాబాయ్ మీసం దువ్వుకున్నాడు. ఆయన మీసం దువ్వుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

పిన్ని ఊరినుంచి వచ్చి, భుజాన సంచి దించకుండానే పెరట్లోకి నడిచింది.

"ఏమయ్యా! ఊళ్లో గోడలు అయిపోయాయా? నా కోడిక్కూడా రంగేశావా?"

బాబాయ్ దగ్గాడు. అంతా చెప్పింది కొట్టతనే, చేతులు తిప్పుతూ, పిల్లిలా అరిచి చూపిస్తూ. పిన్ని అత్తగారిని ఎత్తుకుని, కొత్త ఈకలు విడదీసి, మానిన గాటు పొడుగునా వేలితో తడిమింది. మర్నాడు కుళాయి దగ్గర బిందె నిండి పొర్లిపోతున్నా పట్టించుకోకుండా ఆవిడే చెప్పింది అందరికీ. "చచ్చిపోయిందనుకున్నదాన్ని లేపి నిలబెట్టాడమ్మా మా ఆయన! చంటిపిల్లకి పాలు పట్టినట్టు పట్టాడట."

ఇంటికొచ్చి దండెం మీది చొక్కాలు తీసి మడతపెట్టింది. "పాపకి నీ చెవులే వచ్చాయి. ఈసారి ఇద్దరం వెళ్దాం. ఎత్తుకుందువుగాని."

ప్రయాణం రేపనగా, కొట్టు కట్టేసే వేళ బాబాయ్ బజారుకి వెళ్లాడు. నేనూ కూరల కోసం అక్కడే ఉన్నాను. కొట్టతను మొద్దు కడుగుతున్నాడు.

"అల్లుడూ, ఒక సాయం చేసిపెట్టాలి."

"చెప్పు మావయ్యా."

"మేమొచ్చేదాకా కోళ్లని నువ్వు చూసుకోవాలి. చీకటి పడకముందే గూట్లోకి తోలి గడియ పెట్టాలి."

అతను చేతిలో చెంబు అలాగే పట్టుకుని బిత్తరపోయి చూశాడు. "నేనా? ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా నీకు? నన్ను చూస్తేనే వాటికి గుండాగిపోతుంది!"

"ఏమీ ఆగదు. నీ ఒళ్లో అది ఎలా కళ్లు మూసుకుందో నేను చూశాను కదా. కాదనకు. నువ్వయితేనే నేను నిశ్చింతగా బస్సెక్కుతాను."