నాయన డ్రమ్ము తీగలు

పొద్దున కుక్కర్ కూత వేయగానే అలమరలో నాయన డ్రమ్ము జరజరమంది. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండువాళ్లు మెడకు తగిలించుకునే ఇత్తడి డ్రమ్ము, మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. పందొమ్మిది వందల యాభైల్లో కమలాపురంలో నాయన వాయించినది. ఇప్పుడు అలాంటివి కనబడవు.

చిన్నప్పుడు నేనేం మాట్లాడినా అది సన్నగా బదులిచ్చేది. లోపల ఎవరో ఉన్నారనుకుని, చెవి ఆనించి, "నీ పేరేంది? ఏం తింటావు?" అని అడిగేదాన్ని. ఒకరోజు నాయన దాన్ని తిరగేసి, అడుగు తోలు మీద బిగించిన మేక పేగు తీగలు చూపించాడు.

"నీ గొంతుకు ఇవి అదురుతాండాయి మ్మా. వాయించినాక సడలించాల. లేకుంటే ఈ ఎండలకు తోలు చిరుగుతాది."

ఇప్పటికీ ఇత్తడిని చింతపండుతో తోముతాను, ఎండ తగలనీయను. తీగలు మాత్రం సడలించను. తప్పని తెలుసు. కానీ "నాయనా" అని పిలిస్తే ఈ ఇంట్లో పలికేది అదొక్కటే.