అక్క పిలిచిన తెగులు

మా అక్క విత్తన క్షేత్రంలో పనిచేసేది. “పంటకి జబ్బు రాకపోతే దిగులుపడే మనిషి మీ అక్క ఒక్కతే,” అని బావ ఆటపట్టించేవాడు. నిజమే. కొత్త సోయాబీన్ రకాల వరుసల మధ్య, తెగులు ఇట్టే తగిలే రకాన్ని ఆమె కావాలనే నాటేది. అది జబ్బుపడి చుట్టూ ఉన్నవాటికి అంటించాలి. తట్టుకునేదేదో అప్పుడుగానీ తెలియదు.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. తుప్పు తెగులు రాలేదు. అక్క జబ్బు ఆకులు వేరేచోట నుంచి తెప్పించి, నీళ్లలో పిసికి వడకట్టి, పొద్దువాలాక చేనంతా కొట్టింది. మొక్కలు వాడుతుంటే కాపలా ముసలాయన జాలిపడి మందు డబ్బా తెచ్చాడు.

“తాతా, అది కొట్టావంటే నా కొంప మునుగుతుంది,” అని అడ్డుపడింది.

తర్వాత నన్ను తీసుకెళ్లి చూపించింది. చేనంతా గోధుమరంగు తిరిగింది. ఆకు ముట్టుకుంటే వేలికి తుప్పులాంటి పొడి అంటింది. నడుమ ఒక్క వరుస మాత్రం పచ్చగా నిలబడి ఉంది. అదే నేల, అదే గాలి.

“అబ్బ, ఎలా నిలబడిందక్కా?”

“ఒరేయ్, మెల్లగా. వింటే దానికి పొగరెక్కుతుంది,” అంది, పసిబిడ్డ నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి.

కానీ ఆ వరుస గింజల్ని మిషన్‌తో నూర్చి, తడికాగితంలో చుట్టి మొలకకు పెడితే సగానికి పైగా కుళ్లిపోయాయి.

“తెగుల్ని తట్టుకుని ఏం లాభమమ్మా, మొలవకపోయాక? తీసేద్దాం,” అన్నాడు క్షేత్రం ఆఫీసరు.

“గింజ పైపొర పల్చన సార్. మిషన్ దెబ్బకి లోపల చితికిందేమో. కాసిని కాయలు మిగిలాయి, చేత్తో వలిచి చూస్తాను.”

“రైతులు చేత్తో వలుచుకుంటారా?”

“మిషన్ వేగం తగ్గించుకుంటారు. ముందు గింజలో ప్రాణముందో లేదో తెలియాలి కదా.”

“సరే. ఇదే ఆఖరు.”

ఆ కాయలు మా వంటింటి బల్ల మీద వలిచాం. బావ చేతిలోంచి ఒక గింజ గచ్చు మీద పడితే, అక్క దాన్ని వేరే గిన్నెలో వేసింది.

“దెబ్బ తగిలింది. పైకి బాగానే కనిపిస్తుంది.”

“నేనూ అంతేగా,” అన్నాడు బావ.

ఆ గింజల్ని మొలకకు పెట్టిన కాగితం చుట్ట విప్పే రోజు నన్నూ రమ్మంది. కాగితం తెరుచుకోగానే, ఒకటీ అరా తప్ప ప్రతి గింజా తెల్లటి వేరు దించి, వీపు వంచి తలెత్తుతోంది. ఆఫీసరు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

అక్క చనిపోయిన ఏడే ఆ రకం రైతుల పొలాల్లోకి వెళ్లింది. బావా నేనూ చూడటానికి వెళ్లాం. తుప్పుపట్టిన చేల నడుమ ఆ చేను పచ్చగా ఉంది. బావ గట్టున చాలాసేపు నిలబడ్డాడు. ఏదో చెప్పబోయి, మొక్కలు వింటాయన్నట్టు గొంతు తగ్గించాడు.